పాఠకుల ప్రశ్నలు: సానియా మీర్జా 2015 సీజన్

టెన్నిస్ క్రీడాకారిణి ఏడాది పొడవునా చేసే పర్యటనలో ఏం జరుగుతుంది, ర్యాంకులు ఎలా వస్తాయి, ఓటములు ఎక్కడ ఎదురవుతాయి అంటూ ఈ శీర్షికకు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం సానియా మీర్జా మహిళల డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా నిలిచిన 2015 సంవత్సరం చుట్టూ తిరుగుతున్నాయి కనుక ఈ సంచికలో ఆ ఒక్క సీజన్‌కు సంబంధించిన ప్రశ్నలనే తీసుకున్నాం.

సానియా నంబర్ వన్ అయింది 2015 ఏప్రిల్‌లో. వింబుల్డన్ డబుల్స్ గెలిచింది జులైలో. మహిళల డబుల్స్‌లో ఒక్క గ్రాండ్‌స్లామ్ కూడా గెలవకుండానే మొదటి ర్యాంకు ఎలా వచ్చింది? ఇది న్యాయమేనా? – ఒక పాఠకురాలు, కాకినాడ

ర్యాంకు ఎవరో కూర్చుని నిర్ణయించేది కాదు, లెక్క కట్టి తేల్చేది. అప్పట్లో, గడచిన 52 వారాల్లో క్రీడాకారిణి ఆడిన డబుల్స్ టోర్నీల్లోంచి మెరుగైన 11 ఫలితాలను తీసుకుని వాటి పాయింట్లను కూడేవారు. ఆ పద్ధతి ప్రకారం గ్రాండ్‌స్లామ్ (ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ టోర్నీల్లో ఒకటి) విజేతకు 2000, వాటి తరువాతి స్థాయిలో అమెరికాలో జరిగే ఇండియన్ వెల్స్, మయామి వంటి పెద్ద టోర్నీల విజేతకు 1000, చార్లెస్టన్ స్థాయి టోర్నీ విజేతకు 470 పాయింట్లు వచ్చేవి. ఈ పద్దులో ఒక మెలిక ఉంది. ఏడాది నిండగానే పాత పాయింట్లు రాలిపోతాయి. 2014లో సానియా అప్పటి భాగస్వామి, జింబాబ్వేకు చెందిన కారా బ్లాక్‌తో కలిసి ఇండియన్ వెల్స్ ఫైనల్లో ఓడి 650 పాయింట్లు సంపాదించుకుంది. 2015లో అదే టోర్నీ గెలిచి 1000 తెచ్చుకున్నా, పాత 650 పోగా నికరంగా కలిసింది 350 మాత్రమే. టైటిల్ గెలిచిన వారం కూడా ర్యాంకులో పెద్ద మార్పు కనిపించకపోవడానికి కారణం ఇదే.

మరో సంగతి ఏమిటంటే, డబుల్స్ ర్యాంకు జోడీకి కాదు, ఒక్కొక్కరికి విడివిడిగా ఇస్తారు. అందువల్ల 2014 చివర్లో సింగపూర్‌లో కారా బ్లాక్‌తో గెలిచిన సీజన్ ముగింపు టోర్నీ పాయింట్లు, భాగస్వామి మారిన తరువాత కూడా సానియా ఖాతాలోనే ఉన్నాయి. ఆమె అప్పటికే గెలిచిన మూడు మిక్స్‌డ్ డబుల్స్ (ఒక పురుషుడు, ఒక మహిళ జోడీగా ఆడే ఆట) గ్రాండ్‌స్లామ్‌లు, అంటే మహేశ్ భూపతితో 2009 ఆస్ట్రేలియన్, 2012 ఫ్రెంచ్ ఓపెన్‌లు, బ్రూనో సోరెస్‌తో 2014 యూఎస్ ఓపెన్, ఈ లెక్కలోకి అసలే రావు. మిక్స్‌డ్‌కు ర్యాంకింగ్ పాయింట్లు లేవు. ఇండియన్ వెల్స్, మయామి టైటిళ్ల తరువాత అగ్రస్థానం అందేంత దూరంలోకి వచ్చినా, దాన్ని దక్కించుకోవాలంటే చార్లెస్టన్‌లోనూ గెలవాల్సి వచ్చింది. ఏప్రిల్ 12న ఫైనల్లో సానియా, ఆమె కొత్త భాగస్వామి అయిన స్విట్జర్లాండ్ క్రీడాకారిణి మార్టినా హింగిస్ జోడీ కేసీ డెలాక్వా–దరియా యురాక్ జంటను 6–0, 6–4తో ఓడించింది. మరునాడు వెలువడిన జాబితాలో ఇటలీకి చెందిన సారా ఎరాని, రొబెర్టా విన్చిలను దాటి సానియా మొదటి స్థానానికి చేరింది. టెన్నిస్‌లో ఈ స్థానం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమే.

న్యాయం సంగతి అడిగారు కనుక మా అభిప్రాయం చెబుతున్నాం. ఏడాదిలో రెండు వారాలు బాగా ఆడి ఒక గ్రాండ్‌స్లామ్ గెలవడం ఎంత గొప్పో, 52 వారాల పాటు ఖండం నుంచి ఖండానికి తిరుగుతూ సెమీఫైనల్స్‌కు తగ్గకుండా ఆడటం అంతకు తక్కువేమీ కాదు. ర్యాంకు కొలిచేది ఆ రెండో దాన్నే.

హింగిస్‌తో జత కట్టగానే అన్నీ గెలవడం ఎలా సాధ్యమైంది? అంతకుముందు సానియా ఎవరితో ఆడేది? – ఒక పాఠకుడు, గుంటూరు

ఆ ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలలను చూస్తే ఈ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. 2014 సీజన్ తరువాత కారా బ్లాక్‌తో భాగస్వామ్యం ముగియడంతో సానియా చైనీస్ తైపీ (తైవాన్)కి చెందిన షే సు వేతో కొత్త ఏడాది మొదలుపెట్టింది. మధ్యలో సిడ్నీలో బెథానీ మాటెక్ శాండ్స్‌తో ఆడి టైటిల్ గెలిచింది. కానీ షేతో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో రెండో రౌండ్లోనే వెనుదిరిగింది, దోహాలో ఫైనల్ వరకు వెళ్లి ఓడింది. షే గొప్ప క్రీడాకారిణే, ఆ తరువాత కూడా గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది. ఆ జోడీ కుదరకపోవడాన్ని ఒకరి లోపంగా చూడనక్కర లేదు.

మార్చిలో ఇండియన్ వెల్స్‌లో హింగిస్ పక్కన చేరినప్పుడు కుదిరింది ప్రధానంగా కోర్టు పంపకం. సానియా కుడి సగంలో, హింగిస్ ఎడమ సగంలో నిలబడి సర్వీస్ అందుకునేవారు. ఇద్దరివీ కుడిచేతి ఆటలు. ప్రత్యర్థి కుడి సగంలో పక్కగీత వైపు వేసిన సర్వీస్ సానియా ఫోర్‌హ్యాండ్‌కు వస్తుంది. ఆమె ఆటలో అన్నిటికన్నా భయపెట్టే దెబ్బ అదే. ఎడమ సగంలో పక్కగీత వైపు వేస్తే అది హింగిస్ బ్యాక్‌హ్యాండ్‌కు వెళుతుంది. చిన్న వయసులోనే సింగిల్స్ నంబర్ వన్ అయిన హింగిస్‌కు పేరు తెచ్చిన దెబ్బ కూడా అదే. అంటే సర్వీస్ చేసేవారికి రెండు పక్కగీతల వైపూ దారి మూసుకుపోయినట్లే, ఇక మిగిలింది మధ్యగీత ఒక్కటే.

ఒక పాయింట్‌ను దగ్గరగా చూద్దాం. సానియా బేస్‌లైన్ (కోర్టు వెనుక గీత) దగ్గర నుంచి ఫోర్‌హ్యాండ్‌తో బంతిని ఐమూలగా, వేగంగా సర్వీస్ చేసినవారి కాళ్ల దగ్గరికే పంపుతుంది. అవతలివారు వంగి, తడబడుతూ తిప్పిన బంతి నెట్ మీద కాస్త ఎత్తుగా వస్తుంది. అప్పటికే హింగిస్ రెండడుగులు మధ్యకు జరిగి ఉంటుంది, దాన్ని బలంగా కొట్టదు, ఖాళీ జాగాలోకి మెల్లగా తోసేస్తుంది. పాయింట్ స్కోరుకార్డులో హింగిస్ వాలీగా (బంతి నేలను తాకకముందే కొట్టే దెబ్బగా) కనిపించినా దాన్ని తయారుచేసింది సానియా ఫోర్‌హ్యాండ్. ఎవరి పని ఏదో ఇద్దరికీ ముందే తెలిసి ఉండటం ఆ జోడీ బలం. ఇందులో ఒక నష్టమూ ఉంది. ఈ ఏర్పాటులో కోర్టు మధ్యకు వచ్చే బంతి సానియాకు బ్యాక్‌హ్యాండ్ వైపు పడుతుంది కాబట్టి తెలివైన ప్రత్యర్థులు అక్కడికే గురిపెట్టవచ్చు. పైగా ఇద్దరి సర్వీసులూ మరీ బలమైనవి కావు. సర్వీస్‌తో కొట్టి గెలిచే జోడీ కాదిది, రిటర్న్‌తో, అంటే ప్రత్యర్థి సర్వీస్‌ను తిప్పికొట్టి గెలిచే జోడీ. ఇండియన్ వెల్స్ ఫైనల్లో రష్యా జంట ఎకటెరినా మకరోవా–ఎలెనా వెస్నినాపై 6–3, 6–4తో, మయామి ఫైనల్లో మళ్లీ అదే జంటపై 7–5, 6–1తో గెలిచారు. ఆ రెండు టోర్నీల్లో వారు ఒక్క సెట్ కూడా కోల్పోలేదు.

సానియా పుట్టింది హైదరాబాద్‌లోనేనా? – ఒక విద్యార్థి, నిజామాబాద్

కాదు, 1986 నవంబర్ 15న ముంబయిలో పుట్టింది. పెరిగింది, ఆట నేర్చుకుంది హైదరాబాద్‌లో. డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచింది కూడా హైదరాబాద్‌లోనే, 2005లో.

సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లిన క్రీడాకారిణి ఆ ఆటను ఎందుకు వదులుకుంది? డబుల్స్ సులువు కావడం వల్లనా? – ఒక పాఠకుడు, విజయవాడ

శరీరం సహకరించకపోవడం వల్ల. 2007లో 27వ ర్యాంకుకు చేరిన తరువాత మోకాళ్లు, ముఖ్యంగా కుడి మణికట్టు ఆమెను వదలకుండా బాధించాయి. మణికట్టుకు శస్త్రచికిత్స కూడా జరిగింది. ఆమె ఫోర్‌హ్యాండ్‌కు వేగం వచ్చేదే మణికట్టు విదిలింపు నుంచి కనుక, దెబ్బ తగిలింది సరిగ్గా ఆటకు ఆయువుపట్టు లాంటి చోట. సింగిల్స్‌లో కోర్టంతా ఒక్కరే పరుగెత్తాలి, వారం తరువాత వారం గంటల కొద్దీ ఆ భారం మోయాలి. 2013 నుంచి ఆమె పూర్తిగా డబుల్స్‌కే పరిమితమైంది.

డబుల్స్‌ను సులువైన ఆట అనడం మాత్రం అంగీకరించలేం. పరుగు తగ్గుతుంది నిజమే, కానీ ఆలోచించడానికి దొరికే వ్యవధి కూడా తగ్గుతుంది. నెట్ దగ్గర నలుగురు ఎదురెదురుగా నిలిచినప్పుడు బంతి ఎటు వస్తుందో చూసి కదిలితే ఆలస్యమైపోయినట్లే.

వింబుల్డన్ ఫైనల్‌ను నేను టీవీలో సగమే చూశాను. మూడో సెట్లో ఓడిపోతారనిపించి కట్టేశాను. తరువాత ఏం జరిగిందో వివరంగా చెప్పండి. – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

మీరు కట్టేసిన సమయానికి స్కోరు 2–5 అయి ఉంటుంది. అక్కడ ఆశ వదులుకున్నవారు మీరొక్కరే అయి ఉండరు.

2015 జులై 11, శనివారం. సెంటర్ కోర్టులో మొదటి సీడ్ (టోర్నీకి ముందు బలాన్ని బట్టి ఇచ్చే స్థానం) సానియా–హింగిస్, రెండో సీడ్ మకరోవా–వెస్నినా. మార్చిలో ఇండియన్ వెల్స్‌లో, ఏప్రిల్‌లో మయామిలో ఓడిన రష్యా జంట ఈసారి సన్నద్ధమై వచ్చింది. మకరోవాది ఎడమచేతి ఆట. పచ్చికపై ఆమె సర్వీస్ మామూలు కుడిచేతి సర్వీస్‌కు భిన్నంగా పక్కకు జారుతూ పోతుంది. వెస్నినా సానియాకు కొత్త ప్రత్యర్థి కాదు, పాత భాగస్వామి. వీరిద్దరూ కలిసి 2011లో ఇండియన్ వెల్స్ గెలిచారు, అదే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ఆడి ఓడారు. అప్పటికి మహిళల డబుల్స్‌లో గ్రాండ్‌స్లామ్‌కు సానియా అతి దగ్గరగా వెళ్లింది ఆ పారిస్ ఫైనల్లోనే.

మొదటి సెట్ 7–5తో రష్యా జంటకు పోయింది. రెండో సెట్‌లో తేడా రాక, 6–6 దగ్గర సెట్‌ను తేల్చే టైబ్రేక్‌కు వెళ్లి, సానియా–హింగిస్ దాన్ని 7–4తో దక్కించుకున్నారు. మూడో సెట్లో 2–5. ప్రత్యర్థులకు ఇంకొక్క గేమ్ చాలు. అక్కడి నుంచి సానియా–హింగిస్ జంట మూడు గేములు వరుసగా గెలిచి 5–5కు తెచ్చింది. అప్పటికి వెలుతురు తగ్గడంతో ఆట ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూసి దీపాలు వెలిగించారు.

ఆ విరామాన్ని మేం మ్యాచ్‌లో కీలకమైన ఘట్టంగా భావిస్తున్నాం. మామూలుగా ఇలాంటి అంతరాయం పుంజుకుంటున్న జోడీకే నష్టం, ఎందుకంటే తడబడుతున్న ప్రత్యర్థులకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఇక్కడ మూడు గేములు పోగొట్టుకుని ఊపిరి కావాలనుకుంటున్నది రష్యా జంట. అయినా కప్పు మూసిన తరువాత సానియా–హింగిస్ జోరు తగ్గలేదు, మిగిలిన రెండు గేములూ గెలిచి 5–7, 7–6, 7–5తో మ్యాచ్ ముగించారు. మొత్తం మీద చివర్లో వరుసగా ఐదు గేములు. అప్పట్లో వింబుల్డన్ ఆఖరి సెట్లో టైబ్రేక్ లేదు కనుక ఆ సెట్ ఇంకా ఎంతసేపైనా సాగి ఉండవచ్చు. హింగిస్‌కు వింబుల్డన్ మహిళల డబుల్స్ కొత్త కాదు, 1996లోనూ 1998లోనూ గెలిచింది. సానియాకు ఇది మొదటి మహిళల డబుల్స్ గ్రాండ్‌స్లామ్, భారత మహిళ ఎవరికైనా కూడా మొదటిదే. మరునాడు హింగిస్ లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ టైటిల్ కూడా గెలిచింది.

ఏప్రిల్‌లో సానియాను నంబర్ వన్ చేసిన జోడీ మే, జూన్ నెలల్లో ఎందుకు తడబడింది? పత్రికలు ఈ భాగాన్ని దాటవేస్తాయి. – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

దాటవేయడం నిజమే. నంబర్ వన్ అయిన వారంలోనే సానియా అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చి ఇక్కడ జరిగిన ఫెడ్ కప్ (దేశాల మహిళా జట్ల టెన్నిస్ పోటీ) ఆసియా–ఓషియానియా రెండో గ్రూపు పోటీల్లో భారత జట్టును నడిపించింది, జట్టు పై గ్రూపుకు చేరింది. వెంటనే జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కు వెళితే తొలి మ్యాచ్‌లోనే ఓటమి. మాడ్రిడ్‌లో క్వార్టర్‌ఫైనల్, రోమ్‌లో ఫైనల్లో టిమియా బాబోస్–క్రిస్టినా మ్లాడెనోవిచ్ చేతిలో పరాజయం, పారిస్‌లో మళ్లీ క్వార్టర్‌ఫైనల్. పారిస్‌లో ఓడించింది బెథానీ మాటెక్ శాండ్స్–లూసీ సఫరోవా. ఈ మాటెక్ శాండ్స్‌తోనే సానియా జనవరిలో సిడ్నీ గెలిచింది. డబుల్స్ పర్యటనలో స్నేహాలూ పోటీలూ ఇలా కలగాపులగంగానే ఉంటాయి.

కారణం చాలావరకు ఎర్రమట్టి. చార్లెస్టన్‌లోనూ మట్టే గానీ అది ఆకుపచ్చ మట్టి, కాస్త వేగంగా ఆడుతుంది. యూరప్ ఎర్రమట్టిపై బంతి ఎత్తుగా, నెమ్మదిగా లేస్తుంది. సానియా ఫోర్‌హ్యాండ్ చదునుగా దూసుకుపోయే రకం, హింగిస్ ఆట బంతి లేవకముందే అందుకునే రకం. రెండింటికీ ఆ నేల మందకొడితనం పడదు. మరీ తప్పుపట్టాల్సిన ఫలితాలేమీ కావు, కానీ ఏడాదంతా ఒకే జోరు సాగిందని రాసే కథనాలు ఈ ఏడెనిమిది వారాలను చూడాలి.

డబుల్స్ ఆడి ఎంత సంపాదిస్తారు? – ఒక పాఠకుడు, కర్నూలు

ఒక్క ఉదాహరణ చాలు. 2015 వింబుల్డన్‌లో మహిళల సింగిల్స్ విజేతకు 18,80,000 పౌండ్లు ఇచ్చారు. డబుల్స్ గెలిచిన జోడీకి, అంటే ఇద్దరికీ కలిపి, 3,40,000 పౌండ్లు. ఒక్కొక్కరి వాటా 1,70,000. అంటే సింగిల్స్ విజేత సొమ్ములో పదకొండో వంతు. చిన్న టోర్నీల్లో ఈ మొత్తం ఇంకా చాలా తక్కువ. విమాన టికెట్లు, కోచ్ జీతం, వెంట తీసుకెళ్లే ట్రైనర్ ఖర్చు మాత్రం సింగిల్స్ ఆడేవారికెంతో డబుల్స్ ఆడేవారికీ అంతే. అగ్రశ్రేణి జోడీలకు ఇబ్బంది లేదు, ప్రకటనల ఆదాయం ఉన్నవారికి అసలే లేదు. ర్యాంకుల్లో కిందనున్న డబుల్స్ క్రీడాకారిణులకు లెక్క కుదరడం కష్టం.

మీ దృష్టిలో ఆ సీజన్‌లో అన్నిటికన్నా గొప్ప దశ ఏది? – ఒక పాఠకుడు, కరీంనగర్

అందరూ వింబుల్డన్ అంటారు. మా ఓటు సెప్టెంబర్, అక్టోబర్ నెలలకు.

ఆగస్టులో టొరంటో, సిన్సినాటీ రెండు చోట్లా సెమీఫైనల్లో ఓడారు. సిన్సినాటీలో ఓడించింది తైపీ సోదరీమణులు చాన్ హావో చింగ్, చాన్ యుంగ్ జాన్. ఆ ఓటమి తరువాత ఆ ఏడాది ఈ జోడీ మళ్లీ ఓడలేదు. యూఎస్ ఓపెన్ ఫైనల్లో డెలాక్వా–యారోస్లావా ష్వెదోవాపై 6–3, 6–3. తరువాత చైనాలో గ్వాంగ్‌ఝౌ, వూహాన్, బీజింగ్ మూడు టైటిళ్లూ వరుసగా. సింగపూర్‌లో సీజన్ ముగింపు టోర్నీ ఫైనల్లో గార్బిన్ ముగురుజా–కార్లా సువారెజ్ నవారోపై 6–0, 6–3. అప్పటికి వరుసగా 22 మ్యాచ్‌లు గెలిచారు.

వింబుల్డన్ కన్నా ఇది ఎందుకు గొప్ప అంటే, గ్రాండ్‌స్లామ్ కాని టోర్నీల్లో డబుల్స్ నియమాలు వేరు. గేములో 40–40 అయితే రెండు పాయింట్ల ఆధిక్యం కోసం ఆడరు, తరువాతి ఒక్క పాయింటే గేమును తేలుస్తుంది. ఆ పాయింట్‌కు సర్వీస్‌ను ఎవరు అందుకోవాలో రిటర్న్ చేసే జోడీ ఎంచుకుంటుంది. సెట్లు 1–1 అయితే మూడో సెట్ ఉండదు, పది పాయింట్ల సూపర్ టైబ్రేక్ ఆడతారు. ఒకటి రెండు చెడ్డ దెబ్బలతో మెరుగైన జోడీ ఇంటికి వెళ్లిపోవచ్చు. ఇంత అదృష్టం కలిసిన పద్ధతిలో వారాల తరబడి ఓడకుండా ఉండటం చాలా అరుదు. బీజింగ్ ఫైనల్‌నే చూడండి. అదే చాన్ సోదరీమణులు ఎదురయ్యారు. మొదటి సెట్ టైబ్రేక్‌లో పోయింది, రెండోది 6–1తో వచ్చింది, సూపర్ టైబ్రేక్ 10–8. మరో రెండు పాయింట్లు అటు పడితే 22 అన్న సంఖ్యే ఉండేది కాదు. ఇరువైపులా ఆ ఒత్తిడి సమానమే గానీ, రిటర్న్ బలంగా ఉన్న జోడీకి 40–40 దగ్గర ఆడే ఆ ఒక్క పాయింట్ కాస్త అనుకూలమన్నది మా అంచనా.

సానియా మొత్తం మీద ఆ ఏడాది 10 టైటిళ్లు గెలిచింది, అందులో తొమ్మిది హింగిస్‌తో. మధ్యలో ఆగస్టు 29న ఖేల్‌రత్న పురస్కారం అందుకుంది. విజయాల వరుస కొత్త ఏడాదిలోకీ సాగి, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ టైటిల్‌ను కూడా కలుపుకుని 41 మ్యాచ్‌లకు చేరాక ఫిబ్రవరిలో దోహాలో ఆగింది. అక్కడ ఓడించిన జంటలో ఒకరు వెస్నినా, మరొకరు దరియా కసత్కినా.

అంత బాగా ఆడుతున్న జోడీ ఎందుకు విడిపోయింది? గొడవ పడ్డారా? – ఒక పాఠకురాలు, వరంగల్

2016 వేసవిలో ఫలితాలు తగ్గాయి, ఆగస్టులో విడిపోతున్నట్లు ఇద్దరూ ప్రకటించారు. కలిసి గెలిచిన టైటిళ్లు 14. గొడవ అని చెప్పడానికి ఆధారమేమీ లేదు. డబుల్స్‌లో భాగస్వాములు మారడం సర్వసాధారణమని 2015 మొదటి రెండు నెలల కథే చెబుతోంది. విడిపోయిన వెంటనే సిన్సినాటీ ఫైనల్లో ఇద్దరూ నెట్‌కు అటూ ఇటూ నిలిచారు. సానియా బార్బొరా స్ట్రీకోవాతో, హింగిస్ కోకో వాండవెగ్‌తో. సానియా జంట 7–5, 6–4తో గెలిచింది, దాంతో అంతవరకు ఇద్దరూ పంచుకున్న నంబర్ వన్ స్థానం ఆమె ఒక్కదానిదే అయింది. అయితే సీజన్ ముగింపు టోర్నీకి అర్హత సంపాదించింది పాత జోడీ కనుక ఆ ఏడాది చివర్లో సింగపూర్‌లో వారు మళ్లీ కలిసి ఆడారు. సెమీఫైనల్లో మకరోవా–వెస్నినా చేతిలో ఓడారు.